నూట పదహారు డాలర్ల బోణీ

"వంద డాలర్లు దాటి ఒక్క సెంటు కూడా తీసుకోకూడని మిషను నూట పదహారు మింగింది ఆపా. ఇగ ఎవరు చేసిన్రో వేరే చెప్పాల్నా?" అన్నాడు తాహెర్, నేను గదిలో కాలు పెట్టీ పెట్టకముందే.

"ముందు కూర్చోనివ్వు నాయనా. ఉరి తరవాత తీద్దాం," అన్నాను.

నా పేరు కాత్యాయని. ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు ఒకటి, సింగపూర్ లిటిల్ ఇండియాలో కిరాణా కొట్టు మీద అద్దె గది ఒకటి, నా ఆస్తులు ఇవే. నాకు వచ్చే కేసుల్లో ముప్పాతిక వంతు "మా ఆయన రోజూ ఎక్కడికి వెళుతున్నాడో కనిపెట్టండి" రకం. ఆ ఆయనలు వెళ్ళేది సాధారణంగా పేకాటకే. అలాంటిది బెడోక్‌లో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పిలుపు వచ్చేసరికి నాకు నిజంగా పండగలా ఉంది.

ఆ పండగలో చేదు ముక్క తాహెర్. హైదరాబాదు మనిషి, ఇన్సూరెన్సు కంపెనీ తరఫున పరిశోధన చేస్తాడు. నోరారా ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాడు, చేతులారా నా కేసులు ఎత్తుకుపోతాడు. కిందటిసారి అయితే నేను పట్టుకున్న దొంగతో తనే ఫోటో దిగాడు.

కేసు సంగతి ఇది. అమెరికాలో బ్లూస్పర్ అని ఒక మంచుకొండ ఊరుంది. జనం కాళ్ళకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారడానికి అక్కడికి పోతారు. సాయంత్రానికి క్యాసినోలో చేరతారు. మంచు మీద జారేవాళ్ళు డబ్బు దగ్గర కూడా కాలు జారకూడదని ఆ ఊరివాళ్ళు చాలా ఏళ్ళుగా పందేనికి అయిదు డాలర్ల హద్దు పెట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని వందకు పెంచారు. ఆ కొత్త హద్దు కాపలా కాసే ప్రోగ్రాము రాసింది మాత్రం మంచు మొహం చూడని మన తెలుగు పిల్లలు, ఇక్కడ సింగపూర్‌లో. ఈ రెండు వేల సంవత్సరంలో కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన ప్రతి తెలుగువాడికీ ప్రపంచంలో ఏదో ఒక మూల నుంచి పని వస్తూనే ఉంది.

పరీక్ష కోసం అసలు పందెం మిషనునే ఓడలో ఇక్కడికి తెప్పించారు. ఆ మిషను చేసే ప్రతి పనీ దానంతట అదే నమోదవుతుంది. అమెరికా ఇన్‌స్పెక్టర్లు అది చదువుతుండగా కిందటి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు వేసిన ఒక పందెం కనిపించింది. నూట పదహారు డాలర్లు. మిషను వద్దనకుండా తీసుకుంది. ఆ సమయంలో మిషను మీద ఉన్న పేరు కావ్యశ్రీ. హద్దు కాసే ప్రోగ్రాము రాసింది కూడా ఆ అమ్మాయే.

"గామెనే దొంగదారి పెట్టింది, గామెనే వేసి చూసింది," అన్నాడు తాహెర్. "నూట పదహార్లు సదివించేది ఎవరు? మీ తెలుగోళ్ళే గదా. అందరు అన్నం తినబోయిన టైం చూసి కొట్టింది. కేసు ఖతం."

నన్ను పిలిపించిన పెద్దమనిషి జనార్ధనరావు, ఈ కంపెనీలో అమ్మకాల అధిపతి. ఒకప్పుడు తనూ ప్రోగ్రాములు రాసినవాడేనట. ఇప్పుడు మాత్రం టైలు కట్టుకుని నవ్వడమే పని. ఆయనా అదే పాట పాడాడు. "సాయంత్రం ఆరు లోపల మీ నివేదిక అందాలి కాత్యాయని గారూ. తెలుగు తెలిసిన డిటెక్టివ్ సంతకం ఉంటే అమెరికావాళ్ళకు గురి కుదురుతుంది. నూట పదహారు సంగతి వాళ్ళకేం తెలుసు? మీరే రాయాలి. అమ్మాయిని ఇంటికి పంపించి, క్షమాపణ చెప్పి బయటపడతాం."

ఇంటికి పంపడమంటే ఉద్యోగం పోవడం, వర్కు పాసు పోవడం, ఇక ఏ కంపెనీ గుమ్మం తొక్కినా "క్యాసినో కేసు అమ్మాయి నువ్వేనా?" అనిపించుకోవడం. నేరం రుజువైతే జైలు కూడా. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. వచ్చే శుక్రవారం మిషనుతోపాటు అమెరికా వెళ్ళి కొండ మీద దాన్ని నిలబెట్టాల్సింది తనే.

కావ్యశ్రీని పిలిపించాను. ఏడ్చి ఏడ్చి వస్తుందనుకుంటే కోపంగా వచ్చింది. నాకు అక్కడే నచ్చింది.

"ఏ ఊరమ్మా?"

"ప్రొద్దుటూరు ఆంటీ."

ఆంటీ అనే మాట విన్నప్పుడల్లా నా వయసు అయిదేళ్ళు పెరుగుతుంది. ఈ ఊళ్ళో రోజుకు పదిసార్లు పెరుగుతుంది కాబట్టి లెక్క వదిలేశాను.

"గురువారం ఒంటిగంటకు ఎక్కడున్నావు?"

"తినేదానికి పోయింటి. కింద హాకర్ సెంటర్లో. నాతో ముగ్గురు ఉండారు, అడగండి."

"మిషను మీద నీ పేరెందుకుంది మరి?"

"ఆపేసి పోతే మళ్ళా నా వంతు రాదు ఆంటీ. ఉండేది ఒగటే మిషను. అందుకే ఆపకుండా కీబోర్డు మీద టిష్యూ పొట్లం పెట్టి పోతాము. చోప్ చేసినామంటే ఎవురూ ముట్టుకోరు."

సింగపూర్‌లో ఉన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. హోటల్లో కుర్చీ మీద టిష్యూ పొట్లం పెడితే ఆ కుర్చీ మీదే. దాన్నే చోప్ అంటారు. మంత్రి వచ్చినా పక్క బల్ల చూసుకుంటాడు.

"సరే. ఇంకొక్క మాట. వంద హద్దు దాటుతుందో లేదో చూడాలంటే నువ్వు ఎంత వేసి చూస్తావు?"

"నూట ఒగటి." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "హద్దు పక్కనే కదా చూసేది. నూట పదహారు వేసేదానికి నాకేమన్నా తిక్కనా?"

నేను తాహెర్ వైపు చూశాను. అతను కిటికీ వైపు చూశాడు.

"మాట జవాబు బాగనే చెప్తది. దొంగలు గూడ బాగనే చెప్తరు," అన్నాడు.

"ఇన్సూరెన్సువాళ్ళు కూడా చెబుతారు. అయినా జీతం వస్తుంది," అన్నాను. కావ్యశ్రీ పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంది.

ముగ్గురం మిషను ఉన్న గదికి వెళ్ళాం. పరీక్షకు వాడే తెల్లకార్డులు ఒక ట్రేలో ఉన్నాయి. కార్డు దూర్చకపోతే మిషను పందెం తీసుకోదు. తాహెర్ వేలిముద్రల కోసం ఏవేవో పొడులు చల్లి అప్పటికే గదంతా పిండిగిర్ని చేసి పెట్టాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మిషను కింద వెతికాను. పీచు దొరికింది.

"ఏంది ఆపా గది? ఎలుక తెచ్చిందా?"

"కొబ్బరి పీచు. ఇటు చూడు." మిషను పక్క రేకు మీద ఎర్రటి మచ్చ ఉంది. దాని చుట్టూ పసుపు. ఎవరో తుడిచారు కానీ పసుపు తుడిస్తే పోతుందా? చక్రం కింద నలిగిన నిమ్మకాయ తొక్క కూడా దొరికింది.

"ఒంటిగంట దొంగల టైం అన్నావు," అన్నాను తాహెర్‌తో. "ఇండియాలో పన్నెండు గంటలకు నడినెత్తిన ఉండే సూర్యుడు ఇక్కడ ఒంటిగంటకు గాని రాడు. అభిజిత్ లగ్నం పట్టాలంటే సింగపూర్‌లో ఒంటిగంటకే పట్టాలి. ఇది దొంగతనం చేసినవాడి టైం కాదు. పంచాంగం చూసినవాడి టైం."

"ఎవడాడు?"

"టిష్యూ పొట్లానికి భయపడనివాడు. అంటే ఈ ఊరికి కొత్త. కొబ్బరికాయ కొట్టినవాడు. అంటే పెద్దవాడు. అలాంటివాళ్ళు ఈ కంపెనీలో ఎంతమంది కావ్యా?"

కావ్యశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి. "మా ప్రాజెక్టు మేనేజరు! సాంబశివరావు అంకుల్!"

అంకుల్ అప్పుడే వచ్చారు, చేతిలో పులిహోర డబ్బాతో. రాజమండ్రి నుంచి వచ్చి ఆరు నెలలయిందట. మొహాన విభూతి, మెడలో కంపెనీ బిళ్ళ. మమ్మల్ని చూడగానే ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది.

"చూశారాండీ ఘోరం! బంగారంలాంటి పిల్ల మీద నింద. హద్దు దాటించిన పాపిష్టోడు ఎవడో గాని, వాడి చేతులు పడిపోనూ!"

"అలా అనకండి, చేతులతో మళ్ళీ పని ఉంటుంది," అన్నాను. "ఇంతకీ ఈ మిషనుకు బోణీ ఎవరు చేశారండీ?"

ఆయన మొహం వెయ్యి దీపాలు వెలిగినట్టయింది. "ఇంకెవరు? నేనేనండీ! ఆయ్! గురువారం, అభిజిత్ లగ్నం. కొత్త వస్తువు కొండెక్కబోతోంది కదా, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ తొక్కించి, నా చేత్తో నూట పదహారు వేశాను."

తాహెర్ చేతిలో పొడి బ్రష్ అలాగే ఆగిపోయింది. కావ్యశ్రీ గోడకు ఆనుకుని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"అంకుల్, హద్దు వంద!" అంది.

"తెలుసమ్మాయ్. ముందు వంద, తరవాత పదహారు, రెండు దఫాలుగా వేద్దామనే కూర్చున్నాను. అలవాటు కదా, వేళ్ళు వాటంతట అవే నూట పదహారు నొక్కేశాయి. తీసుకుంది. అమ్మవారి దయ అనుకున్నాను." అప్పుడు ఆయనకు అర్థమైంది. "అమ్మో. ఆ నూట పదహారూ ఈ నూట పదహారూ ఒకటేనా? హద్దు దాటిందన్నారు గాని ఎంతో నాకెవరూ చెప్పలేదే! ఉద్యోగం పోతే నాది పోవాలి తల్లీ, నీది కాదు."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. తాహెర్ మాత్రం వదల్లేదు. వృత్తిలో అతను మొండివాడు, అది ఒప్పుకోవాలి.

"ఈయన ఏసిండు, ఒప్పుకుంట. మిషను ఎట్ల తీసుకుంది? దొంగదారి లేకుంటే తీసుకుంటదా? దారి పెట్టింది ఎవరు? మళ్ళ గీ పిల్లనే గదా!"

ప్రశ్న సరైనదే. ట్రేలోంచి ఒక కార్డు తీసి మిషనులో పెట్టి నూట పదహారు నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. తీసుకోలేదు. నూట ఒకటి నొక్కాను. తీసుకోలేదు. ఇంకో కార్డు పెట్టాను. ఉహూ.

"సాంబశివరావు గారూ, మీరు వాడిన కార్డు ఏది?"

"ఇందులోది కాదండీ. బోణీకి కొత్తది ఉండాలి కదా. ఆ పొద్దున మిషను కింద ఒకటి పడి ఉంది, తళతళలాడుతూ. అదే వాడాను. పూజలో పెట్టింది పారేయకూడదని..." బీరువా మీది లక్ష్మీదేవి పటం వెనక చెయ్యి పెట్టి తెల్లకార్డు తీశారు. దానికి పసుపూ కుంకుమా దట్టంగా ఉన్నాయి.

నున్నటి ప్లాస్టిక్కు కాబట్టి, కొంగు తడిపి గట్టిగా రుద్దితే పసుపు వదిలింది. అచ్చం మిగతావాటిలాగే ఉంది. ఒక మూల చిన్న గాటు మాత్రం ఎక్కువ. మిషనులో పెట్టి నూట పదహారు నొక్కాను. పచ్చ దీపం. అయిదు వందలు. పచ్చ దీపం. అయిదు వేలు నొక్కాను. మిషను కిమ్మనకుండా మింగేసి, ఇంకా ఉందా అన్నట్టు మెరిసింది.

తాహెర్ పొడి బ్రష్ జేబులో పెట్టేశాడు. తరవాత కావ్యశ్రీ వైపు తిరిగి, "మాఫ్ కరో బేటీ," అన్నాడు. నాకు అతని మీదున్న కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం ఆ ఫోటో కోసం దాచుకున్నాను.

కావ్యశ్రీ అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు టకటకలాడుతున్నాయి. "నేను రాసింది కాదు ఆంటీ. నా ప్రోగ్రాము నడుమ ఎవుడో దూర్చినాడు. ఈ గాటు కార్డు వస్తే హద్దు చూడొద్దని ఉంది. చానా తెలివిగా దాచినారు. మూసేదానికి దోవ నాకు కనిపిస్తాండాది, ఈడనే కాదు, ఆ కొండ మీద పెట్టిన పెద్ద కంప్యూటర్లో కూడా మూయాల."

"ఎవరు దూర్చారో కనిపిస్తుందా?"

"పేరు లేదు."

"పేరు అతని నోటితోనే చెప్పిద్దాం," అన్నాను. "ఈ కార్డు పోగొట్టుకున్నవాడు గురువారం నుంచీ దీనికోసం నేల వాసన చూస్తూ ఉంటాడు. తాహెర్, కత్తెర ఉందా?"

జనార్ధనరావుకు ఫోన్ చేసి నివేదిక తయారైందన్నాను. లడ్డూల పెట్టెతో పరుగున వచ్చాడు. నేను మొహం బరువుగా పెట్టుకుని, అమ్మాయిదే తప్పని తేలిందన్నాను. కావ్యశ్రీ తల వంచుకుంది. ఆ పిల్ల నటన చూస్తే ప్రోగ్రాములు రాయడం ఎందుకు, నాటకాల్లోకి పొమ్మనాలనిపించింది. సాంబశివరావు గారు నిజంగానే ఏడుస్తున్నారు, ఆయనకు నటన చేతకాదు.

"పాపం, చిన్నపిల్ల," అన్నాడు జనార్ధనరావు ఆనందంగా, లడ్డూ నోట్లో వేసుకుంటూ.

"ఒక్క లాంఛనం మిగిలింది. ఈ పరీక్ష కార్డులన్నీ కత్తిరించి పారెయ్యాలి. అమెరికావాళ్ళ కోరిక," అన్నాను.

తాహెర్ మొదటి కార్డు కత్తిరించాడు. జనార్ధనరావు రెండో లడ్డూ తీసుకున్నాడు. రెండో కార్డు, మూడో కార్డు కిందపడ్డాయి. తాహెర్ గాటున్న కార్డు పైకెత్తి, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి కత్తెర తెరిచాడు.

"ఆగవయ్యా!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను గాని కళ్ళారా చూడడం అదే మొదలు. జనార్ధనరావు లడ్డూ కింద పడేసి చెయ్యి చాపాడు.

"అది నాది. నా ఆఫీసు తలుపు కార్డు. ఇక్కడెక్కడో పడిపోయింది. మూల గాటు నేను పెట్టుకున్న గుర్తే."

"అట్లనా సార్? తలుపు కార్డు మిషనుకు పనికొస్తదా ఏంది?" అంటూ తాహెర్ దాన్ని మిషనులో పెట్టి అయిదు వేలు నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. "వారెవ్వా! మీ ఆఫీసు తలుపు చానా ఖరీదైంది సార్."

జనార్ధనరావు మొహంలో రక్తం ఇంకిపోయింది. గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. గుమ్మానికి అడ్డంగా పులిహోర డబ్బాతో సాంబశివరావు గారు నిలబడ్డారు. ఆ మనిషిలో అంత కోపం ఉంటుందని నేను అనుకోలేదు.

"కదిలితే ఊరుకోనండీ," అన్నారు గోదావరి మర్యాదతోనే.

ఇక దాచి లాభం లేదని జనార్ధనరావుకు తెలిసింది. కుర్చీలో కూలబడ్డాడు. పాత విద్య వాడి దారి తనే పెట్టానన్నాడు. కార్డులు మూడట. రెండు అప్పుడే కొండెక్కాయి. మూడోది ఇదే, ఇంకా వాళ్ళకు పంపాలట, అందుకే కత్తెర చూసి ఆగలేకపోయాడు. బ్లూస్పర్‌లో కొందరు పెద్ద జూదగాళ్ళు వాటితో హద్దు లేని పందేలు కాయబోతున్నారు. నూట పదహారు బయటపడగానే ఆయన భయపడ్డాడు, తరవాత అదే అదృష్టం అనుకున్నాడు.

"అదృష్టం ఎలాగ? ఇంకెవరినైనా బలి ఇవ్వచ్చుగా. ఈ పిల్లే ఎందుకు?" అని అడిగాను.

"ఆ దారి మూయగలిగేది తనొక్కతే. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు." ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది. "తను కొండెక్కకూడదు. ఇక్కడే ఆగిపోవాలి. నాకు డబ్బిచ్చింది సగం అందుకే. కాత్యాయని గారూ, నా మాట వినండి. ఆ అమ్మాయిని పంపకండి."

గోడ గడియారం ఆరు కావస్తోందని చెబుతోంది. అందరం కావ్యశ్రీ వైపు చూశాం. భయపడినా తప్పు లేదు. నాకే భయం వేసింది, పైకి చెప్పలేదంతే.

ఆ పిల్ల కింద పడ్డ లడ్డూని కాగితంతో తీసి బుట్టలో వేసింది. పెట్టెలోంచి మంచిది ఒకటి తీసి కొరికింది.

"నేను రాసిన ప్రోగ్రాములో దొంగ దూరితే నేను ఈడ కూచుని ఏం చేసేది ఆంటీ? నేను పోతా. ఆడ చలి చానా అంట. మంచి కోటు యాడ దొరుకుతాదో చెప్పండి."

నాకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. తాహెర్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. సాంబశివరావు గారు ఆశీర్వదించడానికి అప్పుడే చెయ్యెత్తారు. ఆ సంతోషం మధ్య జనార్ధనరావు మెల్లగా తలెత్తాడు.

"నేను ఆపలేకపోతే ఏం చేయాలో కూడా వాళ్ళు ముందే అనుకున్నారండీ," అన్నాడు. "శుక్రవారం విమానంలో ఆ అమ్మాయి పక్క సీటు కూడా కొనేశారు. అందులో ఎవరు కూర్చుంటారో నాకూ తెలియదు."

లడ్డూ కొరుకుతున్న కావ్యశ్రీ ఆగింది. తాహెర్ చప్పట్లు ఆగిపోయాయి. నేను ఫోన్ దగ్గరికి లాక్కుని ట్రావెల్ ఏజెంటు నంబరు తిప్పాను.

"శుక్రవారం విమానంలో రెండు సీట్లు కావాలి," అన్నాను. "ఒకటి నాకు, ఒకటి ఇక్కడున్న హైదరాబాదీకి. అదే విమానంలో వెళ్ళే కావ్యశ్రీ అనే అమ్మాయి పక్కన కూర్చునేవాడి తల మాకు స్పష్టంగా కనబడాలి. సరిగ్గా వాడి వెనక వరస ఇవ్వండి."